ముందు కీమోనా, ముందు ఆపరేషనా?



రొమ్ములో గడ్డ క్యాన్సరేనని రిపోర్టు వచ్చిన రోజున మన ఓ.పి. బయట వేపచెట్టు కింద బెంచీ మీద జరిగే చర్చను నేను ఎన్నో ఏళ్ళుగా వింటున్నాను. భర్త, మరిది, అన్నగారు, మేనత్త, ఒక్కోసారి సంఘపెద్ద ఒకరు, అందరూ మాట్లాడుతుంటారు. గడ్డ ఉన్న మనిషి మాత్రం చెంగు భుజం చుట్టూ కప్పుకుని బెంచీ చివర కూర్చుని ఉంటుంది. చర్చ ఎటు తిరిగినా చివరికి ఒకే చోటికి వస్తుంది. "పెద్దాసుపత్రిలో ముందు కీమో అంటున్నారు సిస్టరమ్మా. గడ్డను లోపలే ఉంచుకుని ఆరు నెలలు మందులెక్కించడమేంటి? ముందు కోసి అవతల పారేస్తే పీడా పోతుంది గదా!" ఇది ఒక రకం. "కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుందంటారు. కీమోకే కరిగిపోతే ఇంక ఆపరేషన్ ఎందుకండీ?" ఇది రెండో రకం.

మన ఆసుపత్రిలో కీమో ఇవ్వరని మీకు తెలుసు. గడ్డ చూసి, ముక్క పరీక్ష చేయించి, రాయవేలూరుకో హైదరాబాదుకో విశాఖపట్నానికో పంపిస్తాం. అక్కడి డాక్టర్లు చెప్పింది విని, మళ్ళీ ఇక్కడికే వచ్చి "మీరేమంటారు?" అని అడుగుతారు. అది మీరు మా మీద ఉంచిన నమ్మకం. అలాంటి నమ్మకాన్ని పెట్టుకుని ఒకసారి నేను పెద్ద పొరపాటు చేశాను. అందుకే ఈ నెల ఈ పేజీలో దీని గురించే రాస్తానని సంపాదకులను అడిగాను.

2009లో మా పెద్దమ్మ కూతురికి ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అప్పటికే చంకలో గడ్డలు ఒకదానికొకటి అతుక్కుపోయి రాయిలా ఉన్నాయి. క్యాన్సర్ డాక్టరుగారు ముందు కీమో ఇచ్చి, గడ్డలు తగ్గాక ఆపరేషన్ చేద్దామన్నారు. అక్క నాకు ఫోన్ చేసింది. నర్సింగ్ చదివినదాన్ని, ఆపరేషన్ థియేటర్లో ఏళ్ళ తరబడి నిలబడినదాన్ని, ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా "ముందు తీయించేసుకో అక్కా, క్యాన్సర్‌ను ఒంట్లో ఉంచుకోవడమేంటి?" అన్నాను. ఇంకో ఊళ్ళో ఆపరేషన్ చేయడానికి ఒప్పుకున్న డాక్టరుగారిని కూడా నేనే వెతికి పెట్టాను.

ఆపరేషన్ జరిగింది. చంకలో ఉన్నదంతా తీయడం వీలుపడలేదు. అంచుల్లో జబ్బు మిగిలే ఉందని రిపోర్టులో రాశారు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. పుండు మానేదాకా కీమో మొదలు పెట్టలేదు. చెయ్యి దుంగలా వాచింది. అక్క నాలుగేళ్ళు బతికింది. ముందు కీమో ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువ కాలం ఉండేదా అన్నది ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ రోజూ కట్లు మార్చుకుంటూ గడిపిన ఆ మూడు నెలలు, మనవడిని ఎత్తుకోలేకపోయిన ఆ చెయ్యి, నా నోటిమాట వల్ల వచ్చినవి. ఆమె నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు.

నేనలా ఎందుకన్నానంటే, మాలాంటివారి తలల్లో ఒక పాత ఆలోచన పాతుకుపోయి ఉంది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఉండేవారు. క్యాన్సర్ గడ్డ చెట్టు వేళ్ళలా చుట్టూ పాకుతుందని, ఎంత వెడల్పుగా తీస్తే అంత మంచిదని ఆయన నమ్మారు. రొమ్ము, దాని కింద ఛాతీ కండరాలు, చంకలోని గడ్డలు అన్నీ కలిపి తీసేవారు. దాదాపు 80 ఏళ్ళు ప్రపంచమంతా ఆ పద్ధతినే నడిపించింది. ఆ తరువాత బెర్నార్డ్ ఫిషర్ అనే ఇంకో అమెరికా సర్జన్, క్యాన్సర్ కణాలు మొదట్లోనే రక్తంలో కలిసి తిరగవచ్చని, కాబట్టి ఒళ్ళంతా తిరిగే మందు కూడా కత్తితో సమానమని వాదించారు. వాదించి ఊరుకోలేదు. ఆయన నడిపిన సంస్థ 1988లో ఒక పరిశోధన మొదలుపెట్టింది. అందులో 1,523 మంది స్త్రీలు చేరారు. అందరివీ ఆపరేషన్‌కు వీలైన గడ్డలే. సగం మందికి ముందు ఆపరేషన్, తరువాత నాలుగు కీమోలు. మిగతా సగానికి అవే నాలుగు కీమోలు ముందు, తరువాత ఆపరేషన్. ఏళ్ళ తరబడి లెక్క చూశారు. బతికినవారి సంఖ్యలో తేడా కనబడలేదు. కాకపోతే రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ మటుకు తీసి సరిపెట్టగలిగింది ముందు కీమో వారిలో నూటికి 68 మందికి, ముందు ఆపరేషన్ వారిలో 60 మందికి.

2018లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ఇలాంటి 10 పరిశోధనలను కలిపి, 4,756 మంది స్త్రీల వివరాలు చూసి రాశారు. అక్కడా అదే మాట. ప్రాణం విషయంలోగాని, జబ్బు ఎముకలకు, కాలేయానికి పాకే విషయంలోగాని తేడా లేదు. అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాచను. 15 ఏళ్ళలో అదే రొమ్ములోనో, ఆ పక్కనో జబ్బు తిరిగి కనబడింది ముందు కీమో వారిలో నూటికి దాదాపు 21 మందికి, ముందు ఆపరేషన్ వారిలో దాదాపు 16 మందికి. ఆ పరిశోధనలు పాతకాలం మందులతో చేసినవి. అదీగాక వాటిలో కొన్నింటిలో, కీమో తరువాత గడ్డ చేతికి తగలకపోతే ఆపరేషన్ మానేసి రేడియేషన్‌తో సరిపెట్టారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ప్రాణానికి తేడా లేనప్పుడు ఏది ముందైతే ఏమిటి అని మీరు అడగవచ్చు. ఇక్కడే అసలు విషయం ఉంది. రొమ్ము క్యాన్సర్ అనేది ఒకటే జబ్బు కాదు. మీ పక్కింటామెకు వచ్చిందీ మీకు వచ్చిందీ ఒకటి కాకపోవచ్చు. ఆ తేడా గడ్డను చేత్తో తడిమితే తెలియదు, స్కానింగ్‌లోనూ పూర్తిగా తెలియదు. ముక్క పరీక్షలో తెలుస్తుంది. లావుపాటి సూదితో గడ్డలోంచి సన్నని ముక్కలు తీసి పంపిస్తే, రిపోర్టు కింది భాగంలో మూడు పేర్లు ఉంటాయి: ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2. మొదటి రెండూ ఆ గడ్డ హార్మోనులను తిని పెరిగే రకమో కాదో చెబుతాయి. మూడోది గడ్డను తొందరగా పెంచే ఒక ప్రోటీను సంగతి చెబుతుంది. హెర్-2 దగ్గర 2 ప్లస్ అని ఉంటే అది అవునూ కాదు, కాదూ కాదు. ఫిష్ అనే ఇంకో పరీక్ష కావాలి. (పేరు విని నవ్వకండి, అది చేపల పరీక్ష కాదు.) మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. మన దేశంలో ఈ రకం పాశ్చాత్య దేశాలలో కంటే ఎక్కువగా కనబడుతుంది, వయసులో ఉన్న ఆడపిల్లల్లో మరీను.

గడ్డ చిన్నదై, చంకలో ఏమీ లేక, హార్మోను రకమైతే సాధారణంగా ముందు ఆపరేషనే. అలాంటివారిలో కొందరికి అసలు కీమోయే అవసరం పడదు, ఆపరేషన్, రేడియేషన్, ఆపైన ఏళ్ళ తరబడి రోజుకొక మాత్ర సరిపోతుంది. తొందరపడి ముందే కీమో ఎక్కిస్తే అవసరం లేని కష్టం పడ్డట్టే. బాగా పెద్ద వయసు, గుండె బలహీనంగా ఉన్నవారి లెక్క వేరు. వాళ్ళకు హార్మోను మాత్రలే కొన్ని నెలలు ఇచ్చి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేయడమూ ఉంది.

హెర్-2 పాజిటివ్ గాని, ట్రిపుల్ నెగెటివ్ గాని అయి, గడ్డ రెండు సెంటీమీటర్లు దాటినా, చంకలోకి వచ్చినా ఇప్పుడు చాలాచోట్ల ముందు మందులే ఇస్తున్నారు. ఎందుకంటే గడ్డ లోపల ఉండగానే మందు ఎక్కిస్తే, ఆ మందు దాని మీద పని చేస్తున్నదా లేదా అన్నది కళ్ళారా చూడవచ్చు. గడ్డను ముందే తీసేస్తే కీమో దేని మీద పని చేస్తోందో ఎలా చూస్తారు? గుడ్డిగా ఎక్కించడమే. ఇంకొక లాభం ఉంది. కీమో తరువాత ఆపరేషన్‌లో తీసినదాన్ని మైక్రోస్కోపు కింద చూసి, జబ్బు ఇంకా మిగిలి ఉంటే తరువాతి మందు మారుస్తారు. ట్రిపుల్ నెగెటివ్ వారికి కేప్‌సైటబిన్ మాత్రలు, హెర్-2 వారికి టి-డి.ఎం.1 అనే ఇంజెక్షన్ అలా మేలు చేశాయని 2017లో, 2019లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. ముందే కోయించుకున్నవారికి ఆ సమాచారం దొరకదు. హెర్-2 కు వాడే ట్రాస్టుజుమాబ్ మందు ఒకప్పుడు మనలాంటివారికి అందేది కాదు. 2014 నుంచి మన దేశంలోనే తయారైనది దొరుకుతోంది, ధర తగ్గింది.

ఇక గడ్డ బాగా పెద్దదై, చర్మాన్ని పట్టుకుని, చంకలో అతుక్కుపోయి ఉంటే, మా అక్కకు ఉన్నట్టు, ముందు కీమోయే. రొమ్ము ఎర్రబడి, వేడిగా వాచి, చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడితే ఇక సందేహమే లేదు, ముందు కత్తి పెట్టకూడదు. ఈ రకాన్ని పాల గడ్డ అనుకుని, చీము అనుకుని వారాల తరబడి యాంటీబయోటిక్ మాత్రలు మింగినవారిని చూశాను. వారం, పది రోజుల్లో తగ్గని ఎరుపైతే వెంటనే రండి.

ఇంత చెప్పింది మీరు మీకు మీరే నిర్ణయించుకోవడానికి కాదు. నా అభిప్రాయం ఒక్కటే. ముందు ఏది అన్న నిర్ణయం ముక్క పరీక్ష రిపోర్టు పూర్తిగా వచ్చిన తరువాత, మొదటి గాటు పడకముందు, ఆపరేషన్ చేసే డాక్టరు, కీమో ఇచ్చే డాక్టరు ఇద్దరూ కూర్చుని చేయాలి. ఆ గదిలో ఆ స్త్రీ కూడా ఉండాలి. బెంచీ మీద కాదు, గదిలో.

దీనికి అడ్డుపడేవి ఏమిటో కూడా చెప్పాలి. మొదటిది తొందర. దగ్గర్లోని ఏదో నర్సింగ్ హోముకు వెళ్ళి, "చిన్న గడ్డే గదా" అని అరగంటలో తీయించుకుని వస్తారు. తీసినది పరీక్షకు పంపించారో లేదో తెలియదు. ఒకామె తన గడ్డను సీసాలో ఉప్పునీళ్ళలో వేసి నాలుగో రోజున మా దగ్గరకు తెచ్చింది. ఆ ముక్క మీద ఏ పరీక్షా సరిగ్గా రాదు. ఫార్మలిన్‌లో వెంటనే వేయాలని ఆ ఇంట్లోవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అది తీసినవారు చూసుకోవాల్సిన పని. అలా తీయించుకుని వచ్చినవారికి ముందు కీమోనా, ఆపరేషనా అన్న ప్రశ్నే మిగలదు. సగం ఆపరేషన్ అయిపోయింది, అదీ లెక్క లేకుండా. చాలామందికి మళ్ళీ కోయవలసి వస్తుంది. ముక్క తీస్తే జబ్బు పాకుతుందనే భయంతోనే చాలామంది ఇలా ఒకేసారి మొత్తం తీయించుకుంటున్నారు. సూదితో ముక్క తీసినందువల్ల జబ్బు ముదరదు. ముదిరేది ఆలస్యం వల్ల.

రెండోది, నాకు ఎక్కువ బాధ కలిగించేది, గడ్డ కరగడం. అవును, కరగడమే.

కొన్నేళ్ళ క్రితం మన చుట్టుపక్కల సంఘాల్లో ఒక సహోదరికి ముందు కీమో మొదలైంది. ఇద్దరు చిన్నపిల్లలు. నాలుగో కీమో అయ్యేసరికి గడ్డ చేతికి తగలడం మానేసింది. ఆదివారం ఆరాధనలో లేచి, తలకు కొంగు చుట్టుకుని, ప్రార్థనల వల్ల గడ్డ మాయమైందని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా స్తోత్రం అన్నది. ఆ ఆరాధనలో నేనూ ఉన్నాను. నేనూ స్తోత్రం అన్నాను. ఆమెకు ఆపరేషన్ తేదీ ఎప్పుడు ఇచ్చారని మాత్రం అడగలేదు. స్వస్థత వచ్చాక మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే విశ్వాసం లేనట్టని ఎవరో అన్నారట. ఆమె మిగతా కీమోలకూ వెళ్ళలేదు, ఆపరేషన్‌కూ వెళ్ళలేదు. పద్నాలుగు నెలలకు నడుంనొప్పి అంటూ మన ఓ.పి.కి వచ్చింది. గడ్డ మళ్ళీ వచ్చింది, వెన్నెముకలోకీ వెళ్ళింది.

గడ్డ చేతికి తగలకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు వంద కోట్ల కణాలు ఉంటాయని అంచనా. అది మన వేళ్ళకు దొరకనంత చిన్నదైనా లోపల కోట్లలో మిగిలి ఉండవచ్చు. కొందరిలో నిజంగానే ఏమీ మిగలదు. హెర్-2 రకంలో, ట్రిపుల్ నెగెటివ్‌లో అది ఎక్కువ, హార్మోను రకంలో తక్కువ. కానీ ఏమీ మిగలలేదని తెలిసేది ఆపరేషన్‌లో తీసి చూసిన తరువాతే. పైన 21, 16 అని చెప్పిన లెక్క దగ్గర గుర్తుపెట్టుకోమన్నాను గదా, కీమోతో గడ్డ కనబడక ఆపరేషన్ మానేయడం గురించి. సంగతి ఇదే. ముందు కీమో అన్నారంటే, తరువాత ఆపరేషన్ ఉంటుందని అర్థం. దాని వెనక చాలామందికి రేడియేషన్, మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు, అది కూడా ఉంటుంది. మూడూ కలిపి ఒకే వైద్యం.

కీమోతో కరుగుతుందనే నమ్మకం ఉంటే, మొదలుపెట్టే ముందే ఒక మాట అడగండి: "గడ్డ ఉన్నచోట క్లిప్పు పెడతారా?" ముక్క తీసేటప్పుడో, కీమో మొదట్లోనో బియ్యపుగింజ కంటే చిన్న లోహపు గుర్తు లోపల పెడతారు. గడ్డ కరిగిపోయాక సర్జనుగారికి ఎక్కడ కోయాలో అది చూపిస్తుంది. అది లేక, గడ్డ ఎక్కడుండేదో తెలియక, రొమ్ము మొత్తం తీయవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మొదటి మామోగ్రాం, స్కానింగులు, ముక్క పరీక్ష రిపోర్టు పారేయవద్దు. గడ్డ కరిగిపోయినా, మొదట ఎంత ఉండేదో చూసే రేడియేషన్ సంగతి నిర్ణయిస్తారు. ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో, బట్టల కింద కాకుండా పైన పెట్టండి.

బైబిలు చదివేవారందరికీ నయమాను సంగతి తెలుసు. సిరియా సేనాధిపతి, కుష్ఠరోగి. యొర్దానులో ఏడు మారులు మునగమని ఎలీషా కబురు చేస్తే అతనికి మొదట కోపమే వచ్చింది. ప్రవక్త తానే బయటికి వచ్చి, చెయ్యి ఆడించి బాగుచేస్తాడనుకున్నాడు; మా దమస్కులో ఇంతకంటే మంచి నదులు లేవా అనుకున్నాడు. "ముందు ఇది ఎందుకు, అది ఎందుకు కాదు" అని మన బెంచీ మీద వినబడే మాటకూ దానికీ పెద్ద తేడా లేదు. చివరికి దాసులు నచ్చజెబితే దిగి ఏడుసార్లూ మునిగాడు. నాలుగో మునకకే ఒడ్డుకు వచ్చేసి ఇంటికి వెళ్ళిపోయి ఉంటే? నేను వాక్యం బోధించేదాన్ని కాను, తప్పైతే పాస్టరుగారు సరిదిద్దుతారు. కానీ ఆ కథ విన్నప్పుడల్లా నాకు మా ఫైళ్ళలో నాలుగో కీమో దగ్గర ఆగిపోయిన పేర్లు గుర్తొస్తాయి.

అందువల్ల దైవజనులకు, సంఘపెద్దలకు నా మనవి. నేను ప్రార్థనకు వ్యతిరేకురాలిని కాను. ప్రతి ఉదయం వార్డులో ప్రార్థనతోనే డ్యూటీ మొదలుపెడతాం. క్యాన్సర్ గడ్డ తగ్గిందని ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు, దేవుణ్ణి స్తుతించండి, ఆ వెంటనే "ఆపరేషన్ తేదీ ఎప్పుడమ్మా? ఆ వారం సంఘం నీ కోసం ఉపవాసముంటుంది" అని అందరి ముందు అడగండి. డాక్టరు ఇచ్చిన తేదీకి వెళ్ళడం అవిశ్వాసం కాదని వేదిక మీదనుంచి మీ నోటితో చెబితే, నేను పది వ్యాసాలు రాసినదానికంటే ఎక్కువ పని చేస్తుంది. స్త్రీల సమాజంవారు ఆపరేషన్ రోజున వెంట ఒక మనిషిని పంపిస్తే ఇంకా మంచిది. చివరి కీమోకూ ఆపరేషన్‌కూ మధ్య మామూలుగా మూడు, నాలుగు వారాలుంటుంది, ఒళ్ళు తేరుకోవడానికి. ఎనిమిది వారాలు దాటనివ్వకూడదు. మనుషులు జారిపోయేది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే. జుట్టు మళ్ళీ మొలుస్తుంటుంది, అన్నం రుచి తెలుస్తుంటుంది, కోతలు వస్తాయి, ఎవరిదో పెళ్ళి వస్తుంది.

ముందు ఆపరేషన్ అయినవారికీ ఇదే ప్రమాదం, వైపు మారుతుంది అంతే. "గడ్డ తీసేశారు, ఇంక మందులెందుకు?" అంటారు. కీమో అవసరమని రిపోర్టులో తేలితే, పుండు మానగానే నెలా, నెలన్నరలో మొదలవ్వాలి. మూడు నెలలు దాటితే ఫలితం తగ్గుతుంది.

కీమో కాలంలో ఇంటిదగ్గర ఉన్నప్పుడు జాగ్రత్తల గురించి ఈ పేజీలో ఇదివరకు చాలా రాశాం కాబట్టి ఒక్కటే మళ్ళీ చెబుతాను. ఎక్కించిన వారం, పది రోజుల తరువాత తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసుకుని తెల్లవారేదాకా చూడవద్దు. రాత్రి రెండు గంటలైనా సరే, రండి. గేటు దగ్గర వాచ్‌మన్‌తో "కీమో పేషెంటు, జ్వరం" అని రెండు మాటలు చెప్పండి చాలు. ఎర్రమందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తే మాత్రం భయపడవద్దు, అది మందు రంగే.

డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. ముందు బంగారం తాకట్టు పెట్టి తొందరపడి ఎక్కడో కోయించుకుని, తరువాత కార్డు పట్టుకుని తిరిగేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. పరీక్షల రిపోర్టులు తీసుకుని ముందే మన ఆఫీసులో అడగండి. రెండు వారాలు పరీక్షలకు పట్టిందని ప్రాణం పోదు. ఈ జబ్బు రాత్రికి రాత్రి వచ్చింది కాదు. సరైన పరీక్ష కోసం పట్టే రెండు వారాలు వేరు, భయంతోనో సిగ్గుతోనో పోగొట్టే రెండు నెలలు వేరు.

పోయిన నెల ఒకామె వచ్చింది, కూలిపని చేసుకునే మనిషి. ఆమె తోటికోడలికి రెండేళ్ళ క్రితం ఇదే జబ్బుకు ముందు కీమో ఇచ్చారు, ఆమె బాగుంది. ఈమెకేమో ముందు ఆపరేషన్ అన్నారు. ఇంట్లో గొడవ, వీళ్ళు తప్పు చెబుతున్నారని, డాక్టరును మార్చాలని. నేను ఈసారి నా అభిప్రాయం చెప్పలేదు. ఒక చీటీ మీద మూడు ప్రశ్నలు రాసిచ్చాను: నాది ఏ రకం? ముందు ఇది ఎందుకు? దీని తరువాత ఏమేమి ఉంటాయి, ఎప్పుడు? ఆమెకు చదువు రాదు, కూతురితో మూడుసార్లు చదివించుకుని కంఠతా పట్టింది. పెద్దాసుపత్రిలో మగవాళ్ళను బయట ఉండమని, తానే లోపలికి వెళ్ళి అడిగిందట.

మొన్న బుధవారం కుట్లు తీయించుకోవడానికి వచ్చింది. గడ్డ ఒకటిన్నర సెంటీమీటరు, హార్మోను రకం, చంకలో ఏమీ లేదు. "నా గడ్డ వేరు, దాని గడ్డ వేరు అన్నారండి డాక్టరుగారు" అని వేపచెట్టు కింద తోటికోడలిని పక్కన కూర్చోబెట్టుకుని అందరికీ చెబుతోంది. రేడియేషన్ ఇరవయ్యో తారీకు నుంచి. పిల్లలను ఆ మూడు వారాలు ఎవరు చూస్తారన్నది ఒక్కటే ఇంకా తేలలేదు, స్త్రీల సమాజం కార్యదర్శిగారితో మాట్లాడుతున్నాను.